చిరుగులు అద్దెకివ్వబడును

మా సంఘం కడుపేద సంఘమని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. ఈ పేదరికం మాకు ఒక ఆదివారం సాయంత్రం, పెద్దల కమిటీ సమావేశంలో, ఏకగ్రీవంగా సంక్రమించింది. ఆ రోజు పొద్దున ఆరాధనకి వచ్చినప్పుడు అందరం బాగానే ఉన్నాం. మందిరం ముందు కార్లు నిలపడానికి చోటు చాలక ఇద్దరు పెద్దలు ఒకరి చొక్కా ఒకరు కూడా పట్టుకున్నారు. చీకటి పడేసరికి అందరం చితికిపోయాం. ఇంత తక్కువ సమయంలో, ఇంత క్రమశిక్షణతో దివాలా తీసిన జనం మరోచోట ఉన్నట్టు నేను వినలేదు.

కారణం చిన్నదే. సముద్రం అవతల ఉన్న ఒక పెద్ద సంఘం నుంచి కబురు వచ్చింది. వాళ్ళు మమ్మల్ని చూడడానికి వస్తారట. మాలో లేనివాళ్ళెవరో చూసి, ఇల్లు కారేవాళ్ళకి కప్పు వేయిస్తారట. కళ్ళు మసకబారినవాళ్ళలో ఒకరికి మా ఊళ్ళోనే ఉన్న తమ మిషన్ ఆసుపత్రిలో ఉచితంగా ఆపరేషన్ చేయిస్తారట. మా సంఘంలో అంత లేనివాళ్ళెవరూ లేకపోతే మరీ సంతోషమట, అప్పుడు పక్కపేట సంఘానికి వెళ్తారట.

ఆఖరి మాట దగ్గర కమిటీ అధ్యక్షుడు కుర్చీలోంచి లేచాడు. ఊళ్ళో సగం మేడలు ఈయన కట్టినవే కాబట్టి అందరూ కాంట్రాక్టరుగారనే అంటారు.

“పక్కపేటకా? మన కళ్ళముందు వాళ్ళు పట్టుకుపోతారా?” అన్నాడు.

నా వ్యాపారంలో నేను చూసినంతవరకు, తనకి రానిదాన్ని మనిషి మరిచిపోతాడు. పక్కవాడికి వచ్చినదాన్ని మాత్రం చచ్చేదాకా గుర్తుంచుకుంటాడు.

నిజం చెప్పాలంటే మా సంఘంలోనూ లేనివాళ్ళున్నారు. ఒక్కరే ఉన్నారు. ఆవిడ పేరు ఎవరూ వాడరు, బొత్తాలత్త అంటారు. బస్టాండు దగ్గర ఉన్న నా పాతబట్టల కొట్లో బొత్తాలు కుట్టడం, మాసికలు వెయ్యడం ఆవిడ పని. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, అద్దెకున్నది మెట్లకింద గది. రెండు కళ్ళకీ పొర కమ్మింది. దారాన్ని నాలుకతో తడిపి, సూది బెజ్జాన్ని గోటితో వెతికి ఎక్కిస్తుంది. “కళ్ళు పోతే పని పోతుంది అబ్బాయ్. పని పోతే నేను ఎవరి గుమ్మంలో కూర్చోవాలి?” అని తరచూ అంటూ ఉండేది. ఆపరేషన్ కబురు విన్నరోజు మాత్రం ఆ మాట అనలేదు. పాట పాడుకుంటూ కుట్టింది.

కమిటీ ఆవిడ పేరును పరిశీలించింది. “ఒక్క మనిషిని చూపిస్తే ఏం బాగుంటుందండీ?” అన్నాడు మందుల షాపాయన. “అంత దూరం నుంచి వస్తున్నారు. వాళ్ళని నిరాశపరచడం మర్యాద కాదు.” కాబట్టి అతిథి మర్యాద కోసం సంఘమంతా పేదది కావాలని తీర్మానించారు.

దీనికి దైవ సమ్మతి ఉందా లేదా అన్న సందేహం కమిటీలోని హెడ్మిస్ట్రెస్‌గారికి కలిగింది. ఆ సందేహం తీర్చడానికి మరుసటి ఆదివారం పాస్టరుగారు బైబిల్లోని గిబియోను వాళ్ళ మీద ప్రసంగించారు. వాళ్ళు యెహోషువ సైన్యానికి భయపడి, దగ్గర్లోనే ఉంటూ కూడా బహుదూరం నుంచి వచ్చినట్టు నటించారు. అతుకులేసిన చెప్పులు తొడుక్కున్నారు, చిరిగి కుట్టిన తోలుతిత్తులు మోసుకొచ్చారు, బూజుపట్టిన రొట్టెలు చూపించారు. యెహోషువ మనుషులు ఆ రొట్టెల్ని చూశారు గానీ, దేవుణ్ణి ఒక్కమాట అడగలేదు. వాళ్ళని చంపబోమని ప్రమాణం చేసేశారు.

“ప్రియులారా, చూశారా!” అన్నారు పాస్టరుగారు, గ్రంథాన్ని టప్పున మూసి. “ఒక్క జత పాతచెప్పులతో ఒక జాతి జాతంతా ప్రాణాలు దక్కించుకుంది. చిరుగును చులకనగా చూడకండి. చిరుగులో రక్షణ ఉంది!”

వెనక వరసలోంచి బొత్తాలత్త లేచింది. “అయ్యగారూ, కథ ఇంకా ఉంది కదండీ? మూడోనాడు బయటపడ్డాక వాళ్ళ గతి ఏమైందో...”

“అది వచ్చేవారం చెప్పుకుందామమ్మా. భోజనాల వేళయింది.”

ఆ వచ్చేవారం మా క్యాలెండరులో ఇంతవరకు రాలేదు.

ఇక నా కొట్టు సంగతి. మామూలుగా మా పేటలో పెద్దలు నా కొట్టుకి రారు. వచ్చినా వెనక గుమ్మంలోంచి వచ్చి, పనిమనిషికోసం అని చెప్పి కొనుక్కుని, వాళ్ళే తొడుక్కుంటారు. ఆ వారం అందరూ ముందు గుమ్మంలోంచే వచ్చారు. పేదరికం మనిషిలో దాపరికాన్ని ఎంత తగ్గిస్తుందో అప్పుడే చూశాను. అమ్మితే ఒకసారితో పోతుంది కనుక నేను అద్దెకే ఇస్తానన్నాను.

“ఈ చిరుగు మరీ పెద్దదిగా లేదూ?” అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు భుజం తిప్పి చూసుకుంటూ.

“చిన్న చిరుగైతే అజాగ్రత్త అంటారు మేడమ్. పెద్దదైతేనే పేదరికం అంటారు.”

“అయితే ఇంకో వేలెడు చింపండి.”

కాంట్రాక్టరుగారు మందుల షాపాయన చొక్కానీ, తన చొక్కానీ పక్కపక్కన పెట్టి చూశారు. ముఖం ఎర్రబడింది. “నేను అధ్యక్షుణ్ణి. నాకూ ఈయనకీ ఒకే రకం చిరుగా? నలుగురిలో తేడా తెలియొద్దూ?” అన్నారు. ఆయన హోదాకి తగ్గట్టు రెండు మోచేతులూ, ఒక మోకాలూ బయటపడే జత తీసిచ్చాను. అదీ చాలక నల్లకళ్ళద్దాలు, చేతికర్ర కూడా అడిగి పుచ్చుకున్నారు. ఆపరేషన్ పక్కపేటకి పోకూడదన్న పట్టుదల కొద్దీ ఆయన ఆ రోజునుంచే చూపు మందగింపజేసుకున్నారు.

సరుకు చాలలేదు. ఊళ్ళో ఇంతమందికి ఒకేసారి చిరుగులు కావలసివస్తాయని ఏ వ్యాపారి ఊహిస్తాడు? మంచి బట్టలు చింపి, మాసికలు వేయించవలసి వచ్చింది. ఆ పని బొత్తాలత్తకే ఇచ్చాను.

“అబ్బాయ్, ఇన్నాళ్ళూ చిరిగినవి బాగుచెయ్యమన్నావు. ఇవి బాగున్నవి కదా? చింపడానికి నా చెయ్యి రావట్లేదు.”

“చింపడం నేను చూసుకుంటా అత్తా. నువ్వు అతుకులు వెయ్యి చాలు. కాస్త వంకరగా వెయ్యి.”

“ఎవరికిరా ఇవన్నీ?”

“లేనివాళ్ళకి.”

“అయ్యో, ఇంతమందున్నారా మనలో! తెలియనేలేదు చూడు. అయితే నా కూలి సగమే ఇయ్యి. మిగతాది వాళ్ళకోసం అనుకో.”

దాతృత్వాన్ని అడ్డుకోవడం పాపం కనుక నేను అడ్డుకోలేదు. ఆ మాసికలన్నీ పూర్తయ్యేసరికి ఆవిడ ఎడమకంటికి వెలుగు తప్ప మరేమీ తెలియకుండా పోయింది.

అతిథులు వచ్చారు. మా ఏర్పాట్లు వాళ్ళని కదిలించివేశాయి. కాంట్రాక్టరుగారు తన మేడ వెనక ఉన్న కాపలావాడి రేకుల గది చూపించి, ఇదే నా గూడన్నారు. కాపలావాడూ, వాడి భార్యా మేడలో కూర్చున్నారు, దేన్నీ ముట్టుకోవద్దన్న షరతు మీద. మందుల షాపాయన తన గుమాస్తాని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి, తాను అందులో పెట్టెలు మోసే మనిషినని చెప్పుకున్నారు. హెడ్మిస్ట్రెస్‌గారు తన బడిలోనే ఊడ్చే మనిషిగా చీపురు పట్టుకుని నిలబడ్డారు. పాస్టరుగారు మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు పెట్టుకుని, దాన్ని అతిథులు గమనించేదాకా కాలు మీద కాలు వేసుకునే కూర్చున్నారు.

అప్పుడు బొత్తాలత్త వచ్చింది. అతిథులు వస్తున్నారంటే శుభ్రంగా ఉండాలని ఆవిడ పెంపకం. ఉన్న ఒక్క కోటూ ఉతుక్కుని, పరుపు కింద పెట్టి మడతలు తేల్చుకుని వేసుకుంది. బొత్తాలన్నీ ఉన్నాయి, ఒకదానికొకటి కలిశాయి కూడా. జుట్టు నున్నగా దువ్వుకుంది. ఆ హాలంతటిలో చిరుగులేని మనిషి ఆవిడొక్కతే.

అతిథుల్లో పెద్దావిడ ప్రేమగా అడిగింది, “మీకేం లోటమ్మా?”

“దేవుడి దయవల్ల ఏ లోటూ లేదండి. అంత దూరం నుంచి వచ్చారు, అలిసిపోయుంటారు. కాస్త టీ తాగుతారా?”

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చెప్పనక్కర్లేదు, మీకూ తెలిసిందే. మనలో మొదటిసారి అడగడం మర్యాద. రెండోసారి అడిగితేనే ప్రశ్న. మొదటిసారికే నాకిది లేదు, అది లేదు అని ఏకరువు పెట్టే మనిషిని మనం మనిషిగా లెక్కవెయ్యం. బొత్తాలత్త రెండోసారి కోసం చేతులు కట్టుకుని, ముఖం అటే పెట్టి నిలబడింది. అతిథుల దేశంలో ఒక్కసారే అడుగుతారు. పెద్దావిడ నవ్వి ముందుకి నడిచింది. ఈ తేడా హాల్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఎవరూ కదల్లేదు.

కదిలింది కాంట్రాక్టరుగారొక్కరే. చేతికర్ర తడుముకుంటూ ముందుకొచ్చారు. “ఈవిడ మా సంఘంలో ఉన్నవాళ్ళండి. మేం ఉన్నవాళ్ళని దాచం, లేనివాళ్ళని పెంచం. ఉన్నది ఉన్నట్టు చూపిస్తాం,” అన్నారు. బొత్తాలత్త ఆయన వేళాకోళమాడుతున్నారనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. సంఘ పోషకురాలిగా ఆవిడ పేరు అక్కడికక్కడే రాసుకున్నారు.

సాయంత్రానికి ఫలితాలు ప్రకటించారు. రేకుల గదికి కొత్త కప్పు. కంటి ఆపరేషన్ కాంట్రాక్టరుగారికి. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలోనే పెద్దావిడ ఇంకో శుభవార్త చెప్పింది. ఇంతటి పేదరికాన్ని చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోవడానికి వాళ్ళకి మనసొప్పలేదట. తమలో ఒక కుర్ర బ్రదర్‌గారిని ఏడాదిపాటు మా మధ్యే ఉంచి వెళ్తున్నారట, మా కష్టసుఖాలు పంచుకోవడానికి. చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి.

నిజం చెప్పేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. లెక్క తెలియనివాళ్ళు అడిగే ప్రశ్న ఇది. అబద్ధం ఖరీదు ఆడినరోజు ఎంతో, ఆ తర్వాతా అంతే. నిజం ఖరీదు మాత్రం రోజురోజుకీ పెరుగుతుంది. మొదటిరోజు చెప్తే నవ్వులపాలు. నెలపోయాక చెప్తే కప్పు వెనక్కివ్వాలి. ఆర్నెల్లు పోయాక ఊరే వదిలిపోవాలి. అందుకని మావాళ్ళు చవగ్గా దొరికేదాన్నే రోజూ కొనుక్కుంటూ వచ్చారు. నా చిరుగులు ఏడాది అద్దెకి కుదిరాయి.

బ్రదర్‌గారు చాలా మంచి మనిషి. ఆయన మంచితనానికి మావాళ్ళు తట్టుకోలేకపోయారు. తెల్లవారగానే బడికి వెళ్ళి, “అక్కగారూ, నేనూ ఒక చీపురు పట్టుకుంటా” అనేవారు. దాంతో హెడ్మిస్ట్రెస్‌గారు గేటునుంచి గేటుదాకా ఊడవక తప్పేది కాదు. ఆవిడ ఊడుస్తూ ఉంటే కింది టీచర్లు చూడనట్టు కిటికీల దగ్గరే నిలబడేవారు. మందుల షాపాయన నడుముకి ఆయన షాపులోని మందులే సరిపోలేదు. ఇంకో మందుబిళ్ళ అడిగితే గుమాస్తా, “సరుకు లోపల పెట్టాక మాట్లాడదాం” అన్నాడట. లేనివాళ్ళకోసం బ్రదర్‌గారు ఉమ్మడి వంటశాల తెరిచారు. అందులో కట్టెలు కొట్టే పని కాంట్రాక్టరుగారికీ, నీళ్ళు మోసే పని పాస్టరుగారికీ ఇచ్చారు. గుట్టు బయటపడ్డాక గిబియోను వాళ్ళకి దక్కినవీ ఈ రెండు పనులే. ప్రసంగంలో మిగిలిపోయిన భాగం, ఆ విధంగా, ప్రసంగం అవసరం లేకుండానే అందరికీ అర్థమైంది.

రేకుల గదికి కొత్త కప్పు వచ్చింది గానీ, అందులో ఉండవలసింది కాంట్రాక్టరుగారి కుటుంబమే. కాపలావాడు మేడలో మొదటివారం నేల మీద కూర్చున్నాడు. రెండోవారం కుర్చీ మీద. ఆ తర్వాత వాడు ఎక్కడ కూర్చునేవాడో చూడ్డానికి ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఒకనాడు కాంట్రాక్టరుగారి భార్య ఉన్నికోటు తెచ్చుకోవడానికి వెళ్ళి తలుపు తడితే, కాపలావాడి పెళ్ళాం కిటికీలోంచి, “ఎవరు కావాలండీ?” అందట.

“నా ఇల్లే! నా తలుపే! నన్నే ఎవరు కావాలంటుందా!” అని ఆవిడ మొగుడి మీద విరుచుకుపడింది.

“గట్టిగా అనకే, బ్రదర్ వింటాడు,” అన్నారాయన గొడ్డలి పక్కన పెట్టి, కళ్ళద్దాలు వెతుక్కుంటూ.

ఇలా ఉండగా ఆసుపత్రికి వెళ్ళవలసిన నెల వచ్చింది. కాంట్రాక్టరుగారు మొదట జ్వరం తెచ్చుకున్నారు. తర్వాత పుట్టనే పుట్టని మేనమామని ఒకాయన్ని చంపుకున్నారు. ఆ నెల దాటితే ఆపరేషన్ మురిగిపోతుందని తెలిసి బొత్తాలత్త నా దగ్గరకి వచ్చింది. గోడ పట్టుకుని వచ్చింది.

“అబ్బాయ్, ఆయనకి ఎలాగూ అక్కర్లేనట్టుంది. కుడికన్ను కూడా పోతోందిరా. నిన్న నీలం బొత్తానికి బదులు నల్లది కుట్టాను, నువ్వు చూడలేదు గానీ. బ్రదర్‌గారితో ఒక్కమాట చెప్పవూ? నేను ఉన్నదాన్ని కాదని.”

“నేను చెప్పడం దేనికి అత్తా? పద, నీ నోటితో నువ్వే చెప్పు. నేను పక్కనుంటా,” అన్నాను.

పక్కనున్నాను కూడా. బ్రదర్‌గారు ఆవిడ మాట ఓపిగ్గా విని, కోటు వంక చూశారు. “అమ్మా, ఈ సంఘంలో లేనివాళ్ళందరినీ నేను రోజూ చూస్తున్నాను. మీ ఇంట్లో చిరిగిన బట్ట ఒక్కటైనా ఉందా?”

“చిరిగితే కుట్టేసుకుంటాను కదా బాబూ. ఇంకా చిరుగెక్కడుంటుంది?”

ఆ జవాబు ఆయనకి నమ్మదగ్గదిగా అనిపించలేదు. నా వైపు తిరిగి, “మీరేమంటారు?” అన్నారు. “అత్త మాటంటే నాకు చాలా గౌరవమండి,” అన్నాను. ఆ మాటని ఏ వైపు నుంచి చూసినా నాకు నష్టం లేదు.

అయితే ఆవిడ వెళ్ళినందుకు ఒక ఫలితం వచ్చింది. ఆపరేషన్ వృథా అవుతుందన్న బెంగతో బ్రదర్‌గారు మర్నాడే కాంట్రాక్టరుగారి చెయ్యి పట్టుకుని, స్వయంగా ఆసుపత్రికి నడిపించుకుపోయారు. డాక్టరు దీపం వేసి చూసి, తీసి చూసి, ఈ కళ్ళు నా కళ్ళకంటే బాగున్నాయని రాసిచ్చాడు.

 కాంట్రాక్టరుగారు తన పని అయిపోయిందనుకున్నారు. బ్రదర్‌గారు మాత్రం ఆసుపత్రి వసారాలోనే మోకరించి, కన్నీళ్ళతో దేవుణ్ణి స్తుతించడం మొదలుపెట్టారు. గుడ్డివాడికి చూపొచ్చింది! ఒక్క క్షణం ఆలోచించి, కాంట్రాక్టరుగారు కూడా కళ్ళద్దాలు తీసి విసిరేశారు. “అదిగో పిట్ట! అదిగో ఇంకో పిట్ట!” అని కేకలేశారు. మేడలు కట్టేవాడికి సమయస్ఫూర్తి లేకపోతే ఎలా?

కృతజ్ఞతా కూడిక ఘనంగా జరిగింది. “ప్రియులారా, నేను అంధకారంలో ఉండేవాణ్ణి,” అని సాక్ష్యం మొదలుపెట్టారు కాంట్రాక్టరుగారు. “మీ ముఖాలు నాకు తెలిసేవి కావు. నా చెయ్యి నాకు కనబడేది కాదు. ఇప్పుడు అన్నీ కనబడుతున్నాయి. ఎంత దూరమైనా కనబడుతోంది!” మందుల షాపాయన వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులో నడుంనొప్పి వాటా ఎంతో నేను తేల్చలేకపోయాను.

ఆ తర్వాత బ్రదర్‌గారు లేచారు. కాంట్రాక్టరుగారికి ఇక ఆపరేషన్ అక్కర్లేదు గనుక, ఆ అవకాశం ఇంకా ఉంది. రేపటితో గడువు. కళ్ళు కనబడనివాళ్ళు మరెవరైనా ఉన్నారా?

బొత్తాలత్త లేచి నిలబడింది.

 బ్రదర్‌గారు ఇబ్బందిగా, “అమ్మా, ఇది లేనివాళ్ళకోసం. మీరు పోషకురాలు. అయినా ఇక్కడున్నవాళ్ళలో ఒక్కరు, ఒకే ఒక్కరు లేచి, ఈవిడ లేని మనిషే అని సాక్ష్యం చెప్తే చాలు. ఇప్పుడే రాసిస్తాను,” అన్నారు.

ఆవిడ ముందు వరసల వైపు తిరిగింది. “నాకు కనబడదు బాబూ. ఈ హాల్లో ఉన్నవాళ్ళెవరో, లేనివాళ్ళెవరో కనబడేవాళ్ళే చెప్పాలి.”

ఆవిడ లేనిదని చెప్పాలంటే, చెప్పేవాడు తాను ఉన్నవాణ్ణని ఒప్పుకోవాలి. ఒకరినొకరు చూసుకున్నారు. అందరి చూపూ బాగానే ఉంది. చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు. మేడలో తన సోఫామీద పడుకునే కాపలావాణ్ణి తలుచుకుని కాబోలు, కాంట్రాక్టరుగారి భార్య సగం లేచింది. ఆయన ఆవిడ చిరుగు పట్టుకుని కిందికి లాగారు.

ఇంకెవరూ లేవకముందే పాస్టరుగారు ఆదుకున్నారు. “ఆపరేషన్ దేనికండీ, ఈ సంఘంలో? కాంట్రాక్టరుగారికి విశ్వాసంతో వచ్చిన చూపు అత్తగారికి మాత్రం రాదా? ఆవిడ విశ్వాసం పెరగాలని అందరం ప్రార్థిద్దాం.”

ప్రార్థించాం. చాలాసేపు ప్రార్థించాం. కళ్ళు మూసుకుని ప్రార్థించడం ఆ పూట ఎవరికీ కష్టమనిపించలేదు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి బొత్తాలత్త ఇంకా నిలబడే ఉంది. “అయిందా?” అని అడిగింది. అయిందని చెప్పాం. కోటు పైబొత్తాం పెట్టుకుని, బెంచీలు ఒక్కొక్కటీ తడుముకుంటూ వెళ్ళిపోయింది. పోషకురాలికి దారిస్తూ అందరూ మర్యాదగా లేచి నిలబడ్డారు.

గడువు దాటింది. ఆవిడ విశ్వాసం పెరిగినట్టు ఇంతవరకు సూచనలేమీ లేవు. మా సంఘంలో జరిగిన అద్భుతం విని, సముద్రం అవతలివాళ్ళు బ్రదర్‌గారిని శాశ్వతంగా ఇక్కడే ఉంచాలని నిశ్చయించారు. కాంట్రాక్టరుగారు కట్టెలు కొడుతూనే ఉన్నారు. నా చిరుగులు అద్దెలోనే ఉన్నాయి.

నాకొచ్చిన చిక్కల్లా ఒకటే. ఎడాపెడా వాడకంతో ఆ చిరుగులు నిజంగానే చిరిగిపోతున్నాయి. వాటిని అతికే మనిషి ఇప్పుడు లేదు, బొత్తాలత్త వచ్చి కూర్చున్నా ఆవిడకి సూది ఎక్కడుందో తెలియడం లేదు. అందుచేత నా కొట్టుకి ఒక మనిషి కావలెను. చదువు అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు. కళ్ళు బాగా కనబడాలి, కనబడినదాని గురించి ఎవరు అడిగినా లేచి నిలబడకూడదు. ఈ అర్హతలున్నవాళ్ళని వెతుక్కుంటూ ఎంతో దూరం పోవాలనుకున్నాను. తీరా లెక్క చూస్తే దరఖాస్తులు పట్టడానికి కొట్టు చాలేట్టు లేదు. మీ వంతు వచ్చేదాకా కాస్త బయట నిలబడండి.